వాడుతున్నవాళ్ళుంటే రాయండి

చిత్తూరు గ్రీంస్‌పేటలో ఒక కుట్టుమిషన్ల రిపేరు అంగడి మీద మేడగదిలో ఉమ్మే హబీబా పదకొండేళ్ళుగా ఒక్కతే ఉంటోంది. వయసు నలభై నాలుగు. పెళ్ళయిన మూడో ఏడే ఆ సంసారం ముగిసింది. గొడవలేమీ కాలేదు. అతను వేలూరులో వేరే బతుకు చూసుకున్నాడు, ఈమె కాగితాల మీద సంతకం పెట్టి బస్సెక్కింది. ఆ రోజు నోరు తెరిచి నాలుగు మాటలు అడిగి ఉండాల్సిందని చెల్లెలు సుహానా ఇప్పటికీ ఫోన్లో అంటుంది. ఆ సంగతి వచ్చినప్పుడల్లా హబీబా పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోను పెట్టేస్తుంది.

తండ్రి షఫీవుల్లా కోర్టు వీధిలో రేడియోలు బాగుచేసేవాడు. ఆయనతో పాటే అంగడీ పోయింది గానీ, చప్పుడు విని లోపం ఎక్కడుందో పట్టే గుణం కూతురికి మిగిలింది. ఆమె తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. మొదట్లో రోజూ బస్సులో పోయి వచ్చేది. కరోనా వచ్చాక అందరితో పాటు ఇంటి నుంచి చేయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక్కొక్కరినే ఆఫీసుకు రమ్మన్నారు. ఆమెను మాత్రం ఎవరూ పిలవలేదు, రావాలా అని ఆమె కూడా అడగలేదు. అలాగే ఉండిపోయింది.

ఆ కంపెనీ పలమనేరు వైపు అడవి అంచున ఉన్న ఐదు పల్లెల్లో ఏనుగుల అలికిడి వినే పెట్టెలు పెట్టింది. పెట్టె అంటే టిఫిన్ క్యారియరంత డబ్బా. లోపల అరచేతిలో పట్టే కంప్యూటర్, పక్కన రెండు మైకులు, పైన సోలార్ పలక. గుట్టల మీద అలాంటివి పద్నాలుగు ఉన్నాయి. కొమ్మ విరిగినా, వెదురు చిట్లినా, ఏనుగు కడుపులోంచి గుర్రుమన్నా ఆ చప్పుడు రేడియో లింకు మీద అప్పటికప్పుడు పల్లెలోకి వస్తుంది. పల్లెలో ఒక మనిషి కూర్చుని వింటాడు. గాలికీ ఏనుగుకూ తేడా తెలిసేది మనిషి చెవికే కాబట్టి ఆ పని యంత్రానికి అప్పజెప్పలేదు. ఆయన ఫోను చేస్తే పొలాల్లో ఉన్నవాళ్ళు లేచి ఇళ్ళకు వస్తారు.

చిక్కల్లా ఆ లింకుతోనే. ఏటిగడ్డపల్లెనే తీసుకుంటే, గుట్ట మీది టవరు నుంచి పల్లెకు ఉన్న దారి ఒక్కటే, అదీ సన్నది. పాలకేంద్రం కంప్యూటరూ, పక్కనున్న ఆరోగ్య ఉపకేంద్రంలో పలమనేరు డాక్టరుతో మాట్లాడే వీడియో తెరా, గుట్ట మీది నాలుగు పెట్టెలూ ఆ దారినే పంచుకోవాలి. కంప్యూటర్లు ఒకదానికొకటి సంగతులు పంపుకోవడానికి మామూలుగా రెండు పద్ధతులు, ఆ భాషలో చెప్పాలంటే ప్రోటోకాల్‌లు, వాడతారు. ఒకటి, దారిలో పోయిన ముక్కను మళ్ళీ మళ్ళీ పంపి, అది అందేదాకా వెనకవాటిని ఆపుతుంది. ఉత్తరాలకు అది మంచిది. ఏనుగు విషయంలో పనికిరాదు. పది సెకన్ల కిందటి కొమ్మ చప్పుడు ఇప్పుడు వినిపిస్తే ఏనుగు అప్పటికే టమోటా తోటలో ఉంటుంది. రెండోది ఆగకుండా విసురుతూ పోతుంది. దారిలో ఇంకెవరున్నారో దానికి పట్టదు.

ఈ రెండూ కాక డీసీసీపీ అని మూడోది ఒకటి ఉండేది. పోయిన ముక్కను వెనక్కి తిరిగి చూడదు గానీ, దారి ఇరుకైందని తెలిసిన క్షణమే తన వేగం తగ్గించుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు లోపలి మూలమైన లైనక్స్ కెర్నల్‌లో దాన్ని ఇరవై ఏళ్ళ కిందటే ఎవరో చేర్చి పెట్టారు. వాడేవాళ్ళు మాత్రం ఎప్పుడూ తక్కువే.

దాన్ని వెతికి పట్టింది హబీబానే. అది 2017. అప్పుడు కంపెనీలో ఉన్నది నలుగురు, గుట్టలెక్కే పని ఇద్దరిది, ఆమెదీ బాలచంద్రదీ. ఏటిగడ్డపల్లె పాలకేంద్రంలో సిమెంటు నేల మీద లాప్‌టాప్‌లు పెట్టుకుని వారం రోజులు కూర్చున్నారు. కెర్నల్‌లో డీసీసీపీ మామూలుగా మూసి ఉంటుంది. అమరికల పట్టికలో దాని పేరు వెతికి, తెరిచి, మొత్తం కెర్నల్‌ను మళ్ళీ కట్టుకోవాలి. ఆ పాత లాప్‌టాప్ మీద అందుకు మూడున్నర గంటలు పట్టేది. ఆ మూడున్నర గంటలూ వాళ్ళిద్దరూ వాదించుకునేవాళ్ళు. రద్దీని అదుపు చేయడానికి అందులో రెండు తీర్లున్నాయి. రెండో నంబరుది ఒక ముక్క పోగానే వేగాన్ని సగానికి కోసేస్తుంది, మళ్ళీ మెల్లగా ఎక్కుతుంది. మూడో నంబరుది ఎంత పోతోందో, వెళ్ళిరావడానికి ఎంతసేపు పడుతోందో లెక్కగట్టి నెమ్మదిగా తగ్గుతుంది, నెమ్మదిగా పెరుగుతుంది. బాలచంద్ర రెండోదే చాలన్నాడు. హబీబా రెండింటినీ పెట్టి వినిపించింది. రెండోదానిలో చప్పుడు ఎక్కిళ్ళు పడుతున్నట్టు వచ్చింది. మూడోదానిలో పలచబడింది గానీ తెగలేదు. అతను ఒప్పుకున్నాడు. పంపాల్సినవి వరుసలో ఎన్ని ఆగవచ్చో చెప్పే అంకె దగ్గర ఇంకో పూట గడిచింది. ఎక్కువ ఆగితే చప్పుడు పాతబడుతుందని ఆమె, మరీ తక్కువైతే తెగుతుందని అతను. చివరికి మూడు దగ్గర కుదిరారు. పాలకేంద్రం చూసుకునే నాగరత్నమ్మ వాళ్ళ వాదన వింటూ మజ్జిగ పోసేది. హబీబా జీవితంలో అంతగా మాట్లాడిన వారం ఇంకొకటి లేదు.

ఆ తర్వాత కంపెనీ పెరిగింది. బాలచంద్ర దానికి పెద్ద అయ్యాడు. బాలా అని పిలిచే నోటితో ఆమె సార్ అనడం మొదలుపెట్టింది. అతనూ హబీబా గారూ అన్నాడు. ఎవరూ ఎవరినీ నొప్పించలేదు. పద్నాలుగు పెట్టెల బాగోగులు ఆమెకు మిగిలాయి.

2023 చివర్లో ఒకరోజు ఆమె పెట్టెల్లో కొత్త కెర్నల్ ఎక్కిస్తే, లేస్తూనే అది ఒక వాక్యం చూపించింది. ఈ ప్రోటోకాల్‌ను 2025లో తీసేయబోతున్నాం, వాడుతున్నవాళ్ళుంటే కెర్నల్ చూసుకునేవాళ్ళందరికీ ఉత్తరాలు చేరే ఈ మెయిలింగ్ లిస్టుకు రాయండి అని దాని అర్థం. ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. కెర్నల్‌లోని ప్రతి భాగానికీ చూసుకునే మనిషి ఎవరో రాసి ఉండే జాబితా ఒకటుంది. తెరిచి చూస్తే డీసీసీపీ ఎదురుగా మనిషి పేరు లేదు. అనాథ అని ఉంది.

రాయాలనే అనుకుంది. రాయడానికి కూర్చుంది కూడా. తన ఇంగ్లిషు ఎలా ఉంటుందో అనుకుంది. ఎక్కడో చిత్తూరులో మేడగదిలో ఉన్న మనిషి పద్నాలుగు డబ్బాల కోసం ప్రపంచాన్ని ఆగమనడం బాగుంటుందా అనుకుంది. ఇంత పెద్ద లోకంలో తనలాంటివాళ్ళు ఇంకెవరో ఉండే ఉంటారు, వాళ్ళు రాస్తారులే అనుకుంది. ఆ వాక్యం ప్రతి పెట్టె లేచిన ప్రతిసారీ వచ్చేది. కొన్నాళ్ళకు కంటికి ఆనడం మానేసింది.

2025 ఆగస్టులో తిరుపతి నుంచి మెయిల్ వచ్చింది. పెట్టెలకు డబ్బు పెట్టిన సంస్థవాళ్ళు భద్రతా తనిఖీ చేయించారు, పాత కెర్నళ్ళు ఉండకూడదన్నారు, ఫిబ్రవరి నెలాఖరు లోపల అన్నింటిలోనూ సరికొత్తది ఉండాలి. హబీబా బల్ల మీది పెట్టెలో కొత్తది కట్టడానికి అమరికల పట్టిక తెరిచింది. అలవాటైన చోటుకు వెళ్ళింది. ఆ పేరు లేదు. పొరపాటేమోనని అక్షరాలు కొట్టి వెతికింది. లేదు. పాత అమరికల ఫైలునే తెచ్చి పెడితే కెర్నల్ ఆ వరుసను ఎరగనట్టు వదిలేసి కట్టుకుంది. పెట్టె లేచింది. ప్రోగ్రాం నడిపితే, నువ్వడిగిన ప్రోటోకాల్ నా దగ్గర లేదంది. ఏళ్ళ తరబడి వచ్చిన హెచ్చరిక వాక్యం కూడా ఆ రోజు రాలేదు.

కింద అంగడిలో ఎవరో మిషను తొక్కి చూస్తున్నారు. ఆమె చాలాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చుంది.

ఫోన్లో చెప్పే సంగతి కాదనిపించి మర్నాడు తిరుపతి బస్సెక్కింది. ఆఫీసు ఎయిర్ బైపాస్ రోడ్డులోకి మారిందని ఆమెకు తెలుసు గానీ చూడటం అదే మొదటిసారి. గేటు దగ్గర పేరడిగి, ఎవరి కోసం వచ్చారని రాయించుకున్నారు. మీటింగు గదిలో ఏడుగురున్నారు. మర్యాదగానే ఉన్నారు, కాఫీ ఇచ్చారు. ఆమె డీసీసీపీ అన్నప్పుడు ఒకతను ఆ అక్షరాలు మళ్ళీ చెప్పమని అడిగి నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆమె ఐదు నిమిషాలు మాట్లాడింది. చెప్పేకొద్దీ తన మాటలు తనకే ఏదో ఊరిపేరు తప్పు చెప్పి దారి అడుగుతున్నట్టు వినిపించాయి. బాలచంద్ర ఆఖరికి మెల్లగా అన్నాడు.

"హబీబా గారూ, వాళ్ళు తీసేసినారంటే ఎవురూ వాడటం లేదనే గదా. మనమొక్కళ్ళం దాన్ని పట్టుకోని యాడికి పోతాం?"

"పల్లెలో లింకు సన్నది సార్."

"నిజమే. ముందు మామూలుదాంట్లో పెట్టి సూడండి. ఎవురికీ తేడా తెలీదు."

ఎక్కిళ్ళు విన్న మనిషి అతనే. ఆ పాలకేంద్రం నేల, మూడు దగ్గర కుదిరిన అంకె గుర్తున్నాయా అని అడగాలనిపించింది. అక్కడ ఏడుగురు ఉన్నారు. అడగలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చంద్రగిరి దాటేదాకా పక్కన ఎవరూ కూర్చోలేదు. తర్వాత ఒకామె వచ్చి, సంచి ఒళ్ళో పెట్టుకుని, చిత్తూరు వచ్చేదాకా నిద్రపోయింది.

అక్టోబరులో ఆమె బాలచంద్ర చెప్పినట్టే చేసింది. పలమనేరు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఏటిగడ్డపల్లెకు ఇంకోటి. గుట్ట మీది నాలుగు పెట్టెల్లో కొత్త కెర్నల్ ఎక్కించి, ఆగకుండా విసిరే మామూలు పద్ధతికి మార్చి పాలకేంద్రం వెనక గదిలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఏ ఇబ్బందీ లేదు. నాలుగూ పదికి గుట్ట మీద వాన మొదలై, రేడియో లింకు ఇంకా సన్నబడింది. వాన చప్పుడుకు పెట్టెలు నాలుగూ ఒక్కసారిగా ఎక్కువ పంపడం మొదలుపెట్టాయి. ఉపకేంద్రంలో ఎనిమిదో నెల గర్భిణి ఒకామె డాక్టరుతో మాట్లాడుతోంది. డాక్టరు ముఖం నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. నర్సు తడుస్తూ పాలకేంద్రానికి పరిగెత్తి వచ్చింది. ఇక్కడ నాగరత్నమ్మ ముందు పాలు పోసేవాళ్ళు క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడ్డారు, ఆమె తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. హబీబా పాత కెర్నల్‌ను వెనక్కి తెచ్చింది. ఒక్కొక్క పెట్టే తిరిగి లేవడానికి మూడు నిమిషాలు పట్టింది. అన్నీ లేచాక డాక్టరు ముఖం కదిలింది.

ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. వరుస తరిగాక నాగరత్నమ్మ చెయ్యి తుడుచుకుంటూ మాత్రం అడిగింది.

"ఏందమ్మణ్ణీ, ఇన్నేండ్లూ బాగుండాది గదా. దాన్ని యాల కదిలించేది?"

పై నుంచి చెప్పారని హబీబా అంది.

వెనక గదిలో స్పీకరు ముందు కూర్చునే మనిషి కుప్పయ్య. అరవై దాటాయి. ఆయన తమ్ముడు రామచంద్ర 2016లో పొద్దు వాలే వేళ మల్బరీ ఆకు కోస్తూ ఏనుగు కాళ్ళ కింద పోయాడు. పెట్టెలొచ్చాక, వినే పని ఎవరు చేస్తారని ఊళ్ళో అడిగితే కుప్పయ్య చెయ్యెత్తాడు. అప్పటినుంచి సాయంత్రాలూ తెల్లవారుజాములూ ఆయనవి ఆ గదిలోనే. ఎనిమిదేళ్ళలో హబీబా ఆయనతో మాట్లాడింది తక్కువ. వచ్చినప్పుడు బాగున్నారా అనేది, పని చూసుకుని పోయేది. ఆ రోజు బస్సు రావడానికి గంట ఉండటంతో, వాన తగ్గేదాకా ఇద్దరూ ఆ గదిలోనే కూర్చున్నారు.

స్పీకరులో ఆకుల మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వస్తోంది. ఏమీ లేనప్పుడు విసుగు పుట్టదా అని ఆమె అడిగింది. ఏమీ లేకుండా ఎప్పుడూ ఉండదన్నాడు కుప్పయ్య. మూడో పెట్టె దగ్గర ఒక పిట్ట ఉందనీ, పోయిన ఏడు రెండు గొంతులు వినిపించేవనీ, ఈ ఏడు ఒకటే వినిపిస్తోందనీ చెప్పాడు. ఇంట్లో ఉంటే గోడలు తప్ప ఏమీ వినిపించవన్నాడు. ఆ తర్వాత, వానలో చప్పుడు అంత ఎక్కువ వచ్చి డాక్టరమ్మను ఎందుకు ఆపేసిందని ఆయనే అడిగాడు.

హబీబా చెప్పింది. ఊరికే పైపైన చెబుదామని మొదలుపెట్టి, దారి ఇరుకు గురించీ, పోయిన ముక్క గురించీ, రెండో నంబరు గురించీ, మూడో నంబరు గురించీ అంతా చెప్పింది. ఆయన అడ్డం రాకుండా విన్నాడు.

"అంటే మన పెట్టెకు దారి ఇచ్చే గుణం ఉండాది. కొత్తదాంట్లో ఆ గుణం తీసేసినారు."

"అవును."

"మళ్ళా నువ్వే పెట్టుకొనేదానికి కాదా?"

ఆ మాట ఆమె బస్సులో మొగిలి ఘాటు దిగేదాకా ఆలోచించింది. కెర్నల్ లోపల తిరిగి పెట్టడం తన ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. పెట్టినా కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా మళ్ళీ అతికించుకోవాలి. కానీ విసిరేసే పద్ధతినే వాడుకుంటూ, ఎంత విసరాలో చెప్పే తెలివిని మాత్రం బయట తన ప్రోగ్రాంలో రాసుకోవచ్చు. మూడో నంబరు చేసే లెక్కనే తాను చేయాలి.

నవంబరు నుంచి జనవరి దాకా ఆ పనే. పాత కెర్నల్‌లోని డీసీసీపీ ఫైళ్ళను వరుస వరుసా చదివింది. కెర్నల్ లోపల దశాంశాల లెక్కలు చేయకూడదు. అందుకని దాన్ని రాసినవాళ్ళు వేగం సూత్రానికి జవాబులన్నీ ముందే కట్టి, వందల అంకెల పట్టిక ఒకటి పేర్చి పెట్టారు. ఆమె ఆ పట్టికలో అక్కడక్కడ అంకెలు తీసుకుని చేత్తో లెక్కవేసి చూసింది. అన్నీ సరిపోయాయి. ఏ దేశంలోనో ఎవరో ఇంత ఓపికగా కూర్చుని చేశారు, ఇప్పుడు అది ఎవరికీ అక్కరలేదు. ఒకచోట రాసినవాళ్ళు పక్కన చిన్న వివరణ పెట్టారు, ఇక్కడ తొందరపడితే వేగం ఊగుతుందని. ఆమెకు తన గదిలో ఎవరో మెల్లగా మాట్లాడినట్టయింది.

పొద్దున బల్ల ముందు కూర్చుంటే సాయంత్రం అసర్ నమాజు వేళకు లేచేది. పలకరింపుల కోసం ఎదురుచూడటం ఎప్పుడో మానేసింది కాబట్టి ఆ నెలలు ఆమెకు కష్టంగా ఏమీ లేవు. ఒక్కోరోజు కూరగాయలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదని పడుకునేముందు గుర్తొచ్చేది.

జనవరి మొదట్లో ప్రోగ్రాం బల్ల మీద సరిగ్గా నడిచింది. దారిని కావాలని ఇరుకు చేస్తే మెల్లగా తగ్గింది, విడిచిపెడితే మెల్లగా పెరిగింది. ఆ పూట ఆమె ఆ మెయిలింగ్ లిస్టుకు ఒక ఉత్తరం రాసింది. తిరిగి పెట్టమని అడగలేదు. దక్షిణ భారతంలో ఒక అడవి అంచున పద్నాలుగు పెట్టెల్లో ఎనిమిదేళ్ళు దీన్ని వాడామనీ, అది ఎన్నో సాయంత్రాలు మనుషులను కాపాడిందనీ, అడిగినప్పుడు చెప్పనందుకు క్షమించమనీ, రాసినవాళ్ళకు కృతజ్ఞతలనీ రాసింది. పంపేముందు ఒక గంట తప్పులు దిద్దింది.

నాలుగు రోజులకు ఒకే ఒక్క జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. చెప్పినందుకు సంతోషం, ఎవరైనా వాడుతున్నారా అని మేము అప్పుడప్పుడూ అనుకునేవాళ్ళం అని. సంతకం దగ్గర పొడి అక్షరాలు. ఆ మనిషి ఆడో మగో కూడా తెలియలేదు. ఆమె ఆ జవాబును దాచుకుంది. దానికి తిరిగి ఏం రాయాలో తోచక ఏమీ రాయలేదు.

మిగతా నాలుగు పల్లెల్లో పది పెట్టెలు మార్చి, ఫిబ్రవరి రెండో వారంలో ఏటిగడ్డపల్లెకు చేరింది. అక్కడి పెట్టెల్లో మూడు గుట్టకు కింది వైపువి. నాలుగోది పైన, టవరుకు ఆవల. కొత్త కెర్నల్, కొత్త ప్రోగ్రాం ఎక్కించి మూత బిగించేసరికి మూడున్నర దాటింది. పెట్టె పనిచేస్తోందని చూడటానికి మైకు ముందు ఏదో ఒక చప్పుడు చేయాలి. కిందికి ఫోను చేసి చెప్పి, ఉర్దూలో ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టింది. కుప్పయ్య తిరిగి ఫోను చేశాడు.

"బాగా ఇనబడతా ఉండాది. కానీ డాక్టరమ్మ ఇంకా రాలే. ఆయమ్మ వచ్చేది నాలుగుకు గదా. అప్పుడు గూడా సూస్తే మేలు."

అది సరైన మాటే. నాలుగు నుంచి కాసేపు మైకు దగ్గర చప్పుడు చేస్తూ ఉండాలి. అంతసేపు ఏం లెక్కపెడతానని ఆమె అడిగింది. లెక్కలెందుకు, ఏదో ఒకటి మాట్లాడమ్మా, నేను ఇనుకుంటా ఉంటా అని ఆయన ఫోను పెట్టేశాడు.

నాలుగైంది. చుట్టూ బండలు, ఎండిన బోద గడ్డి, కింద సన్నగా పల్లె. ఎదురుగా మనిషి లేడు. పెట్టె నుంచి జవాబు రాదు, అందులో మైకులే తప్ప స్పీకరు లేదు. హబీబా గొంతు సవరించుకుంది. పొద్దున్నే బయల్దేరానని చెప్పింది. పలమనేరులో దోసె తిన్నానంది. దారిలో మల్బరీ తోటలు బాగున్నాయంది. అక్కడితో మాటలు అయిపోయాయి. పెట్టె కేసి చూసింది, పక్కన చిన్న పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. అప్పుడు మొదలుపెట్టింది. మీటింగులో ఏడుగురున్నారని, వాళ్ళలో ఒకరు ఆ అక్షరాలు రాసుకున్నారని చెప్పింది. వేలూరు సంగతి చెప్పింది, అతను గుమ్మం దగ్గర నిలబడి తాను ఏమైనా అంటుందేమోనని కాసేపు ఆగాడని, తాను అనలేదని. తెర మీద వాక్యం రెండేళ్ళు వచ్చిందని చెప్పింది. గాలి వస్తే ఆగి, తగ్గాక మళ్ళీ చెప్పింది. తన గొంతు అంతసేపు తనకు వినిపించడం కొత్తగా ఉంది. ఒకసారి వాచీ చూసుకుంటే నాలుగూ నలభై.

దిగి వచ్చేసరికి నాగరత్నమ్మ పాలు కొలుస్తోంది, వరుస కదులుతోంది. ఉపకేంద్రం దగ్గర ఆగి అడిగితే, ఈ పూట వీడియో ఒక్కసారి కూడా ఆగిపోలేదని నర్సు చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. తేడా ఏమైనా తెలిసిందా అని నాగరత్నమ్మను అడిగింది. ఎప్పట్లాగే ఉందని ఆమె తలెత్తకుండానే అంది. మూడు నెలల పనికి అదే సరైన జవాబని హబీబాకు తెలుసు. అయినా ఒక నిమిషం అక్కడే నిలబడింది.

వెనక గదిలో కుప్పయ్య స్పీకరు ముందే ఉన్నాడు. చప్పుడు ఎలా వచ్చిందని అడిగితే, డాక్టరు ఉన్నంతసేపూ పలచగా వచ్చిందనీ, నడుమ రెండు మూడు చోట్ల చిన్న చిన్న ముక్కలు పోయాయనీ, తక్కినదంతా తెలిసిందనీ చెప్పాడు. వేలూరు గురించి ఆయన ఏమీ అడగలేదు.

"ఒకచోట మాత్రం పోయిందమ్మా. తెర మీద రెండేండ్లు వస్తా ఉన్నింది అన్నావు. ఆ తర్వాత గాలి మాదిరి ఒచ్చె. ఆడ ఏం చెప్పినావు?"

రోడ్డు మీద పలమనేరు బస్సు హారను వేసింది. అది అందితే మరీ రాత్రి కాకముందే చిత్తూరు చేరవచ్చు. హబీబా సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"వాడేవాళ్ళుంటే రాయండి అని అడిగినారు. నేను రాయలేదు. అన్నీ తీసేసినాక రాసినాను."

కుప్పయ్య స్పీకరు గొంతు కొంచెం తగ్గించాడు.

"రాసి ఉంటే ఉంచేవాళ్ళా?"

"తెలీదు."

"ఉంచేవాళ్ళు కాదులేమ్మా. మనమెంత, పద్నాలుగు పెట్టెలు." ఆయన స్పీకరు వైపు తిరిగాడు. "అయినా చెప్పి ఉండాల్సింది."

అవునని ఆమె అంది. బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఇంకోటి ఆరున్నరకు. హబీబా సంచి దించి, గోడ పక్కన ఉన్న రెండో కుర్చీ లాక్కుని కూర్చుంది. స్పీకరులో నాలుగో పెట్టె దగ్గర బోద మీద గాలి నడుస్తోంది. కుప్పయ్య చెయ్యెత్తి మాట్లాడొద్దని సైగ చేసి, తల ఒక పక్కకు వంచి విన్నాడు. తర్వాత చెయ్యి దించేశాడు. ఏనుగు కాదు.